వాలిన ఎడమ భుజం

ఆ వీధిలో ఆయన్ని పేరుపెట్టి పిలిచేవాళ్ళు లేరు. అతుకుల మాస్టారు అంటారు. పాఠాలు చెప్పి మాస్టారు కాలేదు. ఎక్కడి తలనైనా ఎక్కడి మెడకైనా అతుకు కనబడకుండా అతికిస్తాడని వీధి ఇచ్చిన బిరుదు అది. బస్టాండు వెనక సందులో, మందుల షాపు పైన, ఇరుకు మెట్లెక్కితే స్టూడియో. ముందు గదిలో తెల్ల తెర, రెండు గొడుగు లైట్లు, ఎత్తు తిప్పుకునే స్టూలు. వెనక గదిలో కంప్యూటరు ముందు మాస్టారు. ఆయన చూస్తుండగా స్టూడియోకి ఇద్దరు యజమానులు మారారు, మౌసులు లెక్కలేనన్ని మారాయి, కుర్చీలో దిండు మాత్రం మారలేదు.

ఆయన దగ్గరికి వచ్చే పనులు రెండే రకాలు. పోయినవాళ్ళని తెచ్చి బతికున్నవాళ్ళ పక్కన నిలబెట్టమనేవాళ్ళు కొందరు, బతికున్నవాళ్ళని ఫోటోలోంచి గెంటెయ్యమనేవాళ్ళు కొందరు. మాస్టారు ఇద్దరినీ కారణం అడగడు. అడగకపోయినా చెప్పకుండా ఎవరూ పోరు, అది వేరే సంగతి. ఆయన తల ఊపుతూ వింటాడు, చెవులు మాత్రం ఎప్పుడో తలుపులేసుకుని ఉంటాయి.

పని చేసేటప్పుడు ఆయనకో అలవాటుంది. ఫోటోని స్క్రీను మీద తలకిందులుగా తిప్పేస్తాడు. కొత్తగా చూసినవాళ్ళకి నవ్వొస్తుంది. కానీ ముఖం నిటారుగా ఉంటే చెయ్యి మొహమాటపడుతుంది, ఆ మనిషి చూస్తున్నట్టుంటుంది, చెవి దగ్గరో మెడ దగ్గరో గీత తప్పుతుంది. తలకిందులు చేస్తే ముఖం ముఖం కాదు. ఉత్త గీత. దాని వెంబడి పోతే చాలు. అలా ఎంతమందిని కత్తిరించాడో, ఎంతమందిని తుడిచేశాడో, వాళ్ళలో ఒక్కరు దారిలో ఎదురైనా గుర్తుపట్టలేడు.

పోయినవాళ్ళ ఫోటోలతో ఉన్న చిక్కేమిటంటే, చాలామందికి గుర్తింపు కార్డు మీది తల తప్ప మరేమీ మిగలదు. తల ఒక్కటే గోడకి తగిలిస్తే ఏం బాగుంటుంది? కింద భుజాలుండాలి. అందుకని కంప్యూటర్లో 'ఒళ్ళు' అని ఒక ఫోల్డరు పెట్టుకున్నాడు. అందులో మగవాళ్ళవి నాలుగున్నాయి, కోటుతో ఒకటి, చొక్కాతో రెండు, వంగిన ముసలి ఒళ్ళు ఒకటి. ఆడవాళ్ళకి ఉన్నది ఒక్కటే. బూడిదరంగు శాలువా కప్పుకున్న భుజాలు, ఎడమ భుజం కుడిదానికంటే కాస్త వాలి ఉంటుంది. శాలువా రంగు మార్చి, తల మార్చి, ఈ ఇరవై ఏళ్ళలో ఊళ్ళో రెండు వందల ఇళ్ళకి ఆ భుజాలే పంపించాడు. ఎవరి అమ్మ, ఎవరి నాయనమ్మ, ఎవరి మేనత్త అయినా మెడ కింద ఉన్నది ఒకే మనిషి. ఆ మనిషి మాస్టారు భార్య.

స్టూడియోలోకి కంప్యూటరు వచ్చిన ఏడాదే వాళ్ళకి కూతురు పుట్టింది. ఒకరోజు మధ్యాహ్నం, పసిపిల్లని చంకనేసుకుని ఆవిడ క్యారియరు తీసుకొచ్చింది. ఆవిడకి ఫోటో అంటే చిరాకు. కెమెరా కనబడితే చెయ్యి అడ్డం పెట్టుకునేది. ఫోటోలవాడిని కట్టుకున్నాను, ఇంకా ఫోటోలు కూడానా, అనేది. మాస్టారు బతిమాలి స్టూలు మీద కూర్చోబెట్టాడు.

"పొద్దున్నుంచీ తల దువ్వుకోలేదు. నా మొహం దేనికిప్పుడు?"

"మొహం ఎవరిక్కావాలి? నాకు భుజాలు కావాలి."

"అలాగైతే సరే," అని శాలువా సర్దుకుని కూర్చుంది.

మాస్టారు ఫోటో తీసి, అప్పటికప్పుడు తల కత్తిరించి, అదే ఫైలు మీద సేవ్ చేశాడు. అప్పటి కంప్యూటరు పొట్ట చిన్నది. అక్కర్లేనివి ఉంచొద్దని యజమాని చెవిలో జోరీగలా పోరుతుండేవాడు. ఆవిడ వెనకనుంచి తొంగిచూసి, "నా తల ఏం చేశావు?" అంది.

"తల ఇంట్లోనే ఉందిగా. ఎక్కడికి పోతుంది?"

ఆవిడ పడీపడీ నవ్వింది. మా ఆయన నాకు తలే లేకుండా చేశాడమ్మా అని వారం రోజులు ఇరుగుపొరుగుకి చెప్పుకుంది.

ఆ తర్వాత ఏడాదిన్నరకి జ్వరం వచ్చింది. తొమ్మిది రోజులు. పదో రోజు ఆవిడ లేదు. ఇంట్లో రెండేళ్ళ పిల్ల, ఖాళీ మంచం, మంచం కింద ఆవిడ చెప్పులు మిగిలాయి.

నెల తిరిగాక మాస్టారు ఫోటో కోసం వెతికాడు. పెళ్ళి రిజిస్ట్రారు ఆఫీసులో ఇద్దరు సాక్షుల ముందు జరిగింది, ఫోటోలవాడి పెళ్ళికి ఫోటోలవాడు రాలేదు. తీరా ఆయనే ఎప్పుడో దొంగచాటుగా తీసిన నాలుగైదు ప్రింట్లు, నెగటివ్‌లతో సహా, గోడలో నీళ్ళ పైపు పగిలినప్పుడు బీరువాలోనే తడిసి ఇటుకలా అతుక్కుపోయాయి. విడదీస్తే బొమ్మంతా ఊడి వచ్చింది. ఆవిడని పెంచిన పిన్ని ముందే పోయింది, ఆ ఇంట్లో ఏమున్నా పిన్నితోనే పోయింది. గుర్తింపు కార్డు మీద బొటనవేలి గోరంత బొమ్మ ఉంది. అందులో పెదాలు కాస్త తెలుస్తాయి, మిగతాదంతా మసి. ఊరందరికీ మొహాలు అతికించే మనిషికి సొంత భార్య మొహం లేకుండా పోయింది. నవ్వాలో ఏడవాలో తెలియని సంగతి. మాస్టారు ఏడ్చాడు.

పిల్లకి ఆరేళ్ళు వచ్చాక ఒక రోజు బడినుంచి వస్తూనే, "మా ఇల్లు అని అట్ట మీద అందరి ఫోటోలూ అంటించాలట. అమ్మది కావాలి," అంది.

మూడు ఆదివారాలు, మధ్యాహ్నం పూట, పిల్లని ముందు గదిలో బొమ్మలిచ్చి కూర్చోబెట్టి మాస్టారు వెనక గదిలో పని చేశాడు. భుజాలు సిద్ధంగా ఉన్నాయి. పెదాలు కార్డులోంచి తెచ్చి సాగదీశాడు. ముక్కు ఒక బ్యాంకు ఉద్యోగిని పాస్‌పోర్టు ఫోటోది. నుదురూ జుట్టూ ఇంకెవరివో. కళ్ళ దగ్గర మాత్రం తలప్రాణం తోకకొచ్చింది. ఎవరి కళ్ళు తెచ్చి పెట్టినా ఆ ముఖం ఎవరిదో అయిపోతోంది. విసుగొచ్చి, కొలత కోసమని, పిల్ల ఫోటోలోంచే కళ్ళు తీసి పెట్టాడు. పిల్ల ఎడమ కంటి తెల్లగుడ్డులో ఆవగింజలో సగమంత గోధుమరంగు మచ్చ ఉంది. అది కూడా వచ్చింది. తర్వాత తీసి సరైనవి పెడదామనే అనుకున్నాడు. అంతలో పిల్ల బొమ్మ చేతిలో పట్టుకుని లోపలికొచ్చింది.

స్క్రీను వంక చాలాసేపు చూసింది. "నాన్నా, అమ్మ నన్నే చూస్తోంది," అంది.

మాస్టారు మౌసు వదిలేశాడు. ఆ కళ్ళు అలాగే ఉండిపోయాయి. చుట్టూ నాలుగు ముడతలు, రెప్పల కింద కాస్త నీడ, అంతే మార్చాడు. ఆయన చేసిన అతుకుల్లోకెల్లా మంచి అతుకు అదే. ఏ మాటకామాటే చెప్పుకోవాలి, అంతకంటే పెద్ద అబద్ధం కూడా ఆయన ఆడలేదు.

ఆ ఫోటో భోజనాల బల్ల ఎదురుగా గోడకెక్కింది. అమ్మలు పెరిగింది. ఆయన కూతుర్ని అలాగే పిలుస్తాడు. వచ్చినవాళ్ళల్లా ఫోటోనీ పిల్లనీ మార్చి మార్చి చూసి, అచ్చు అమ్మ కళ్ళే అనేవారు. అమ్మలు మురిసిపోయేది. మార్కులు తగ్గినా, స్నేహితురాలు మాట్లాడటం మానేసినా, ఒకబ్బాయి రెండేళ్ళు వెంటపడి చివరికి ఇంకెవరితోనో వెళ్ళిపోయినా, అన్నీ ఆ ఫోటోకి చెప్పుకునేది. తలుపు అవతల మాటలు వినబడితే మాస్టారు చప్పుడు చెయ్యకుండా మళ్ళీ మెట్లు దిగి, వీధిలో ఒక చుట్టు తిరిగి వచ్చేవాడు. చదువయ్యాక కళ్ళద్దాల షాపులో చేరింది. పొద్దుగూకులూ జనం కళ్ళు కొలిచే పని. ఒకసారి అక్కడి డాక్టరు, ఇలాంటి మచ్చ తల్లినుంచి పిల్లకి రావడం నేనెప్పుడూ చూడలేదమ్మా అన్నాడట. మా ఇంటికొచ్చి మా అమ్మ ఫోటో చూడండి, అప్పుడు మాట్లాడండి అందట. ఆ మాట ఇంటికొచ్చి నవ్వుతూ చెబుతుంటే మాస్టారు చేతిలో ముద్ద పళ్ళెంలో పెట్టేసి మంచినీళ్ళు తాగాడు.

అప్పుడైనా చెప్పి ఉండాల్సింది. కానీ చెప్పడానికి ఆయన దగ్గర మాత్రం ఏముంది? ఏళ్ళ తరబడి రోజూ ఆ గోడ వంకే చూసి చూసి, ఆయనకి కూడా ఆవిడ అంటే ఆ ముఖమే అయిపోయింది. కలలోకి వచ్చినా బ్యాంకు ఉద్యోగిని ముక్కుతోనే వచ్చేది.

అమ్మలుకి ఇరవైమూడు నిండాయి. షాపువాళ్ళు ఇంకో ఊళ్ళో కొత్తగా తెరిచిన శాఖకి వెళ్ళమన్నారు. రైల్లో ఆరు గంటల దూరం. సోమవారం ప్రయాణం. బుధవారం నాడు పెట్టె సర్దుకుంటూ అంది, "నాన్నా, అమ్మని కాస్త పెద్దది చేసి ఇంకో ప్రింటు ఇవ్వు. అక్కడ నా గదిలో పెట్టుకుంటాను."

"అలాగేనమ్మా," అన్నాడు మాస్టారు.

మర్నాడు ఒక పెద్దావిడ ఆయాసపడుతూ స్టూడియో మెట్లెక్కి వచ్చింది. చేతిసంచిలోంచి ప్లాస్టిక్ కవరు, కవర్లోంచి మడత పడిన ఫోటో తీసింది. ఏదో మెట్ల వరస మీద మూడు వరసలుగా పదకొండు మంది ఆడవాళ్ళు, అందరికీ పని కోట్లు.

"చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీ బాబూ, పాతికేళ్ళు దాటింది. మధ్యలో పొడుగ్గా ఉన్నది మా అక్క. మొన్నే పోయింది. అక్కని ఒక్కదాన్ని ఉంచి, మిగతావాళ్ళని తీసెయ్యాలి."

"ఈ చివరున్నది మీరేనా?"

"నేనే. నన్ను కూడా తీసెయ్యండి. అక్క ఒక్కతే చాలు."

మాస్టారు తల ఊపి, శనివారం రమ్మన్నాడు.

శుక్రవారం పొద్దున్నే పని మొదలుపెట్టాడు. స్కాన్ చేసిన ఫోటోని తలకిందులు చేసి, చివరినుంచి ఒక్కొక్కరిని తుడుచుకుంటూ వచ్చాడు. మనిషి ఉన్నచోట వెనకాల మెట్టు గీసుకోవాలి, గోడ రంగు పూయాలి. ఆరుగురు పోయారు. వెనక వరసలో ఒక మనిషి భుజం పొడుగ్గా ఉన్న అక్క చెవికి తగులుతోంది. అక్కడ జాగ్రత్తగా గీత పట్టుకోవాలి. మాస్టారు మెడ దగ్గర మొదలుపెట్టి ఎడమ భుజం మీదుగా మౌసు జరిపాడు. సగం దూరం పోయేసరికి ఒక వింత తెలిసింది. ఆయన చూడకముందే చెయ్యి ముందుకు పోతోంది. ఎక్కడ వాలాలో, ఎక్కడ తిరగాలో దానికి తెలుసు.

చెయ్యి ఆగిపోయింది. 'ఒళ్ళు' ఫోల్డరు తెరిచి, శాలువా భుజాలు తెచ్చి, చిన్నవి చేసి ఆ భుజాల మీద పెట్టాడు. గీత మీద గీత కూర్చుంది.

పెళ్ళికి ముందు ఆవిడ చొక్కాల ఫ్యాక్టరీలో కాలర్లు కుట్టేది. మూటలు మోసీ మోసీ ఎడమ భుజం వాలిపోయింది. ఆ సంగతి మాస్టారుకి తెలుసు. ఆ ఫ్యాక్టరీలో ఎవరైనా ఒక ఫోటో తీసి ఉంటారని మాత్రం ఇన్నేళ్ళలో ఒక్కసారీ తట్టలేదు.

ఫోటోని నిటారుగా తిప్పాడు.

చిన్న కళ్ళు. వెడల్పాటి నుదురు. ఒక పన్ను పై పెదవి మీదికి కాస్త తోసుకొచ్చింది. ఎవరో ఏదో అంటే నవ్వు ఆపుకుంటున్న మొహం. గుండె గుభేలుమనాలి. అనలేదు. మాస్టారు ఆ మొహం వంక, బస్సులో ఎదుటి సీట్లో కూర్చున్న మనిషిని చూసినట్టు చూశాడు. కళ్ళజోడు తుడుచుకుని మళ్ళీ చూశాడు. కిటికీ తలుపు వేసి, వెలుతురు తగ్గించి చూశాడు. ఎవరో ఆవిడ. భుజాల కింద అంతా తన భార్య, మెడ పైన ఎవరో ఆవిడ. తను ఇన్నాళ్ళూ లోకానికి చేసిన పని ఎవరో తనకే చేసి పెట్టినట్టుంది. ఆయన సిగ్గుతో ఆ ముఖాన్ని వేరే ఫైలుగా దాచి, ఫోటోని మళ్ళీ తలకిందులు చేశాడు.

శనివారం పెద్దావిడ వచ్చింది. మెట్ల మీద అక్క ఒక్కతే నిలబడి ఉన్న ప్రింటు చూసి కళ్ళు తుడుచుకుంది. పాత ఫోటో తిరిగి ఇస్తూ మాస్టారు వెనక వరస మీద వేలు పెట్టాడు.

"ఈవిడెవరు?"

"ఇదా? నిద్రమొహంది." పెద్దావిడ నవ్వింది. "కాలర్లు కుట్టేది. కళ్ళు చిన్నవి కదా, ఎప్పుడు చూసినా ఇప్పుడే లేచొచ్చినట్టుండేది. అందుకని అలా పిలిచేవాళ్ళం. మా అక్కకి ప్రాణం అదంటే. ఎవరో స్టూడియో ఆయన్ని చేసుకుని మానేసింది. ఇప్పుడెక్కడుందో ఏమో."

మాస్టారు ఏదో చెప్పబోయాడు. ఆవిడ మెట్లు దిగి వెళ్ళిపోయింది.

నిద్రమొహం. ఆ మాట ఆయనకి తెలుసు. పెళ్ళయిన కొత్తలో ఫ్యాక్టరీ కబుర్లు చెబుతూ ఆవిడే చెప్పింది. నిద్రమొహమా, లే, అని ఒకరోజు పొద్దున పిలిచినందుకు దిండు విసిరికొట్టింది. దిండు గుర్తుంది. దిండు మీది పూల గుడ్డ గుర్తుంది. విసిరిన మొహం ఎంత తలుచుకున్నా గోడమీది మొహమే వస్తోంది.

ఆ సాయంత్రం ప్రింటు తియ్యాలి. గోడమీది ముఖమా, మెట్లమీది ముఖమా? గోడమీదిది ఇస్తే అమ్మలు నవ్వుతూ తీసుకెళ్తుంది, ఎవరికీ ఏ నష్టమూ లేదు. పదిహేడేళ్ళు గడిచాయి, ఇంకో యాభై గడవవా? కానీ మెట్లమీది మనిషిని ఆయన అప్పటికే రెండుసార్లు తుడిచేశాడు. మొదటిసారి తల అక్కర్లేదని, రెండోసారి పెద్దావిడ పని కోసం. మూడోసారికి చెయ్యి రాలేదు. రెండూ ప్రింటు తీసి, ఒకే కవర్లో పెట్టుకుని ఇంటికెళ్ళాడు.

ఆదివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక, బల్ల తుడిచి, మెట్లమీది ముఖాన్ని కూతురి ముందు పెట్టాడు. పక్కనున్నవాళ్ళని ముందే తీసేసి, మెడా భుజాలూ పూర్తిగా కనబడేలా ఆవిడని ఒక్కదాన్నే ఉంచాడు.

"ఎవరు నాన్నా ఈమె?"

మాస్టారు బల్ల అంచు పట్టుకున్నాడు. "మీ అమ్మ."

అమ్మలు గోడ వంక చూసింది. మళ్ళీ బల్ల వంక చూసింది. వేళాకోళమేమోనని నవ్వబోయి, తండ్రి మొహం చూసి ఆగిపోయింది. ఆయన చెప్పడం మొదలుపెట్టాడు. స్టూలు, శాలువా, తల ఇంట్లోనే ఉందన్న మాట, తడిసిన బీరువా, బ్యాంకు ఉద్యోగిని ముక్కు. చెబుతున్నంతసేపూ కూతురి వంక చూడలేదు.

"మరి కళ్ళు?"

"నీవి."

"మచ్చ?"

"అదీ నీదేనమ్మా."

వీధిలో ఎవరో సైకిలు బెల్లు కొట్టుకుంటూ పోయారు. అమ్మలు లేచి గోడ దగ్గరికెళ్ళి, ఆ ఫోటోకి ఎదురుగా నిలబడింది. కళ్ళు కొలవడం ఆమె రోజూ చేసే పని. ఎప్పుడూ ఆ ఫోటోని కొలవాలని ఆమెకి అనిపించలేదు, అంతే.

"నేను ఇన్నేళ్ళూ అన్నీ చెప్పుకున్నాను నాన్నా. ఎవరితో మాట్లాడినట్టు?"

"నీతోనే తల్లీ."

ఆమె ఏడవలేదు. ఏడిస్తే బాగుండునని ఆయనకి అనిపించింది. తిరిగొచ్చి కుర్చీలో కూర్చుని, కొత్త ఫోటో దగ్గరికి లాక్కుంది.

"నువ్వైనా గుర్తుపట్టావా?"

ఇక్కడ ఒక చిన్న అబద్ధం ఆడొచ్చు. ఎవరికీ తెలియదు. "లేదు," అన్నాడు. "భుజాన్ని గుర్తుపట్టాను."

అమ్మలు చాలాసేపు చూసింది. తర్వాత అరచెయ్యి ఆ ముఖం మీద పెట్టి మూసింది. వాలిన ఎడమ భుజం, కుడి భుజం, మధ్యలో మెడ మాత్రం మిగిలాయి.

"అమ్మ," అంది. చెయ్యి తీసింది. మళ్ళీ పెట్టింది. అప్పుడు ఏడ్చింది.

సోమవారం పొద్దున్న ఆటో వచ్చింది. మెట్లమీది ముఖాన్ని పెట్టెలో బట్టల మధ్య పెట్టుకుంది. గోడమీది దాని ప్రింటు కవర్లోనే ఉంచి తండ్రి చేతికిచ్చింది.

"ఇదెందుకు నాన్నా నాకు? నా కళ్ళు నాకున్నాయి. నీ దగ్గరే ఉంచుకో." ఆ గొంతులో కోపం ఉందో జాలి ఉందో ఆయన తేల్చుకోలేకపోయాడు. "ఈమె నాకు తెలియదు. ఇకనుంచి తెలుసుకోవాలి. చేరగానే ఫోన్ చేస్తాను."

ఆటో మలుపు తిరిగేదాకా నిలబడి, మాస్టారు లోపలికొచ్చి బల్ల దగ్గర కూర్చున్నాడు. గోడమీంచి కూతురి కళ్ళు ఆయన్నే చూస్తున్నాయి. మచ్చతో సహా. అక్కడ భార్య లేదు, ఎప్పుడూ లేదు. ఆయన కళ్ళు మూసుకుని మెట్లమీది ముఖాన్ని తలుచుకోబోయాడు. శాలువా వచ్చింది. భుజాలు వచ్చాయి. ఎడమది కాస్త వాలి ఉంది. వాటి మీద ముఖం వస్తుందేమోనని ఎదురుచూస్తూ, స్టూడియోకి వెళ్ళాల్సిన వేళ దాటిపోయేదాకా అలాగే కూర్చున్నాడు.